రెండు కృష్ణబిలాల లెక్కకు క్వాంటమ్ ఆంప్లిట్యూడ్‌లు నిజంగా అక్కరకొస్తున్నాయా?

వంకరకాలం:
2019 జనవరిలో జ్వీ బెర్న్ బృందం రెండు లూప్‌ల ఆంప్లిట్యూడ్ నుంచి, అంటే కణాలు ఢీకొని చెదిరే తీరుకు వేసే క్వాంటమ్ లెక్క నుంచి (లూప్ అంటే అందులో ఒక సవరణ మెట్టు), రెండు కృష్ణబిలాల చలనాన్ని నిర్ణయించే మూడో పీఎం హామిల్టోనియన్ రాబట్టింది. అప్పట్నుంచీ ఎక్కడ విన్నా ఇదే మోత. కొత్తవారికి ఒక మాట: పీఎం (పోస్ట్-మింకోవ్‌స్కియన్) అంటే వేగం ఎంతైనా సరే, గురుత్వ స్థిరాంకం జి ఘాతాల్లో మాత్రమే చేసే విస్తరణ. పీఎన్‌లో (పోస్ట్-న్యూటోనియన్) వేగాన్ని కూడా చిన్నదిగానే తీసుకుంటాం.

నా అభ్యంతరం సూటిగా చెబుతాను. గురుత్వ తరంగాలను పట్టే లైగో చూస్తున్నది ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోయే జంటల్ని. అక్కడ వేగం ప్రభావమూ జి ప్రభావమూ ఒకే స్థాయిలో ఉంటాయి. అందుకని నాలుగో పీఎం మొత్తం చేతికొచ్చినా, పూర్తిగా దక్కేది మూడో పీఎన్ వరకే. నాలుగో పీఎన్ గతిశాస్త్రాన్ని డామూర్, యరనోవ్‌స్కీ, షేఫర్ 2014లోనే ఇచ్చారు. గురుత్వ తరంగ ఫేజ్ (దశ) 2023కల్లా నాలుగున్నర పీఎన్‌కు చేరింది. మరి ఈ మూడు లూప్‌లు, నాలుగు లూప్‌లు ఎవరికోసం?

హెచ్‌బార్:
నాది ఒకటే ప్రశ్న. ప్లాంక్ స్థిరాంకం ఎటుపోయింది? ముప్పై సూర్యుల బరువున్న వస్తువును ఒక కణంగా రాసి, గ్రావిటాన్లు (గురుత్వ కణాలు) మార్పిడి చేయించి, చివర్లో ‘ఇది క్లాసికల్’ అంటే ఎలా నమ్మాలి?

లూప్‌లెక్క:
హెచ్‌బార్ గారూ, అది ఎటూ పోలేదు, లెక్కపెట్టి మరీ తీస్తాం. మార్పిడయ్యే ద్రవ్యవేగాన్ని ప్లాంక్ స్థిరాంకం ఇంటూ తరంగ సంఖ్యగా రాసి, తరంగ సంఖ్యను స్థిరంగా ఉంచండి. స్పిన్ క్వాంటమ్ సంఖ్యను అనంతానికి పంపుతూ, ప్లాంక్ స్థిరాంకంతో దాని లబ్ధాన్ని, అంటే స్పిన్ కోణీయ ద్రవ్యవేగాన్ని, స్థిరంగా ఉంచండి. ఇప్పుడు ఒక లూప్ చూడండి. త్రిభుజం ఆకారపు ఇంటిగ్రల్ నుంచి ఒకటి బై ద్రవ్యవేగ మార్పిడి వస్తుంది. దాన్ని దూరంలోకి మారిస్తే దూరపు వర్గం విలోమంగా తగ్గే పొటెన్షియల్, అంటే అచ్చమైన క్లాసికల్ పదం. 1985లో వెస్ట్‌ఫాల్ ఏ క్వాంటమూ లేకుండా తేల్చిన పరిక్షేపణ కోణం (వస్తువులు దారి మళ్లే కోణం) ఇక్కడ ఉన్నదున్నట్టు వస్తుంది. బబుల్ ఆకారపు ఇంటిగ్రల్ నుంచి లాగరిథమ్ వస్తుంది. అది క్వాంటమ్ సవరణ, పక్కన పెడతాం.

వంకరకాలం గారికి: నాలుగో పీఎం అంటే మూడో పీఎన్ అన్నది నిజమే, కానీ మీరు చూస్తున్నది వృత్తాకార కక్ష్య ఒక్కటే. దీర్ఘవృత్తంగా సాగిన కక్ష్యల్లో, వేగంగా దూసుకొచ్చి విడిపోయే జంటల్లో పీఎన్ త్వరగా చేతులెత్తేస్తుంది. పైగా పరిక్షేపణ కోణం ద్రవ్యరాశుల మీద ఆధారపడే తీరు ఎంత సరళమంటే, నాలుగో పీఎం మొత్తాన్నీ మొదటి స్థాయి స్వీయబలం (చిన్న వస్తువు తన క్షేత్రం వల్ల తానే పొందే బలం) లెక్క నుంచే నిర్ణయించవచ్చు. అది మీ రంగమే కదా.

చుక్కలపల్లి:
బబుల్, త్రిభుజం మాట సేవ్ చేసుకున్నా. ధన్యవాదాలు.

హెచ్‌బార్:
నా ప్రశ్నకు సగమే జవాబు. అదే ఒక లూప్‌లో బాక్స్ ఇంటిగ్రల్ ఉంది. దానిలో ప్లాంక్ స్థిరాంకం హారంలోకి వస్తుంది, క్లాసికల్ హద్దులో అది అనంతం. దాన్ని చేత్తో కొట్టేస్తున్నారు.

లూప్‌లెక్క:
చేత్తో కాదు. కొసోవర్, మేబీ, ఓకానెల్ పద్ధతిలో కొలిచేది ద్రవ్యవేగంలో మార్పు. అందులో రెండు ముక్కలుంటాయి: నేరుగా ఆంప్లిట్యూడ్ ఒకటి, యూనిటారిటీ కట్ (ఆంప్లిట్యూడ్‌లను జంటగా గుణిస్తే వచ్చే ముక్క) రెండోది. ఆ అనంతాలు ఈ రెండింటి మధ్య రద్దవుతాయి. ఐకోనల్ అనే మరో పద్ధతిలో వెళితే అవే ఘాతాంకంలోకి ఎక్కి ఫేజ్‌గా మారతాయి. కట్ ముక్కను మరిస్తే మాత్రం తప్పు జవాబే వస్తుంది.

వంకరకాలం:
మరిచారు కూడా! 2023లో ఒక లూప్ తరంగరూపాలు వరసగా వచ్చాయి. బిని, డామూర్, జెరాలికో వాటిని, మూలం ఆకారాన్ని మెట్లుగా విడదీసే పాత మల్టీపోల్ పద్ధతితో పోల్చితే రెండున్నర పీఎన్ దగ్గర పొసగలేదు. అంతకుముందు మూడో పీఎంలోనూ అంతే. అత్యధిక శక్తి హద్దులో ద్రవ్యరాశి లాగరిథమ్‌తో కోణం పేలిపోతోందని డామూర్ వేలెత్తి చూపాకే వికిరణ ప్రతిచర్యను (తరంగాలు వెలువడటం వల్ల చలనంలో వచ్చే మార్పును) కలిపారు. ప్రతిసారీ మావాళ్లే తనిఖీ చేయాలి, పేరు మాత్రం మీది. మా స్వీయబలం ప్రతిపాదనను ‘ఆంప్లిట్యూడ్ కోణం లేదు’ అని ఒక సమీక్షకుడు తిప్పికొట్టాడు. ఇదేం న్యాయం?

లూప్‌లెక్క:
ఆ సమీక్ష అన్యాయమే, కానీ దానికీ లెక్క తప్పొప్పులకూ ముడిపెట్టకండి. మూడో పీఎం లోపం 2020లోనే తీరింది. 2019 లెక్క పొటెన్షియల్ ప్రాంతానిది (తరంగాలుగా బయటికి పోని గ్రావిటాన్లది) మాత్రమే, వికిరణ ప్రాంతాన్ని కలిపితే ఆ లాగరిథమ్ పోతుంది. తరంగరూపం తేడాకు ఒక కారణం ఆ కట్ ముక్క, ఇంకోటి రెండు పక్షాలూ వేర్వేరు బీఎంఎస్ ఫ్రేముల్లో (అనంత దూరంలో తరంగాన్ని కొలిచే ఆధారాల్లో) ఉండటం.

ఇక ఉపయోగమంటారా: లైగో వాడే తరంగరూప నమూనా ఎస్ఈఓబీఎన్ఆర్ ఐదో రూపాన్ని 442 సంఖ్యా సాపేక్షత (ఐన్‌స్టీన్ సమీకరణాలను కంప్యూటర్‌పై సాధించే) సిమ్యులేషన్లతో సర్దారు. 2024లో బోనానో బృందం పీఎం ఫలితాలను అదే చట్రంలో పెట్టి బద్ధ కక్ష్యల తరంగరూపాలు తీసింది, హామిల్టోనియన్‌ను ఆ సర్దుబాటు లేకుండానే. అయినా దానికి దీటుగా నిలిచింది. ఇంతకంటే ఏం కావాలి మీకు?

స్పిన్‌వలయం:
ఇద్దరూ అరుచుకుంటున్నారు గానీ అసలు తగువు స్పిన్ దగ్గర ఉంది, దాన్ని ఎవరూ ముట్టలేదు.

మూడు కాళ్ల ఆంప్లిట్యూడ్ (కృష్ణబిలం ఒక గ్రావిటాన్‌ను విడిచే లెక్క) చాలా అందంగా ఉంటుంది. కెర్ (తిరిగే కృష్ణబిలం) వలయ వ్యాసార్ధాన్ని, అంటే కోణీయ ద్రవ్యవేగం బై ద్రవ్యరాశిని, గ్రావిటాన్ ద్రవ్యవేగంతో గుణించి ఘాతాంకంలో పెడితే చాలు, కెర్ మల్టీపోల్స్ అన్నీ దిగుతాయి. న్యూట్రాన్ నక్షత్రానికైతే రెండో మల్టీపోల్ గుణకం ఒకటి కంటే ఎక్కువ, కాబట్టి ఈ అందం ఉండదు. చిక్కు, గ్రావిటాన్ తగిలి చెదిరే కాంప్టన్ ఆంప్లిట్యూడ్‌లో మొదలవుతుంది. స్పిన్ నాలుగో ఘాతం వరకు ఘాతాంక రూపం నిలుస్తుంది. ఐదో ఘాతం నుంచి భౌతిక అర్థంలేని పోల్ (విలువ అనంతమయ్యే చోటు) వస్తుంది. దాన్ని తీసేయడానికి కాంటాక్ట్ పదాలు (చేత్తో చేర్చే అదనపు పదాలు) కలపాలి, కానీ ఏవి కలపాలో పోల్ చెప్పదు. సరళతను బట్టి ఎంచుకుంటే అది కెర్ అని గ్యారంటీ ఏమిటి?

వంకరకాలం:
ఇదే నేను మొదట్నుంచీ అనాలనుకుంటున్నది! కెర్ ఏదో తేల్చేది దాని చుట్టూ తరంగాల తీరు చెప్పే ట్యుకోల్స్కీ సమీకరణం, క్షితిజం (కృష్ణబిలపు తిరిగిరాని హద్దు) దగ్గర లోపలికే వెళ్లే తరంగాలన్న హద్దు నిబంధన. సరళత కాదు. తిరిగే కృష్ణబిలాల్లో క్షితిజం మింగే శక్తి, ఫ్లక్స్‌లో రెండున్నర పీఎన్ దగ్గరే మొదలవుతుంది. బిందు కణానికి క్షితిజమెక్కడిది?

లూప్‌లెక్క:
ద్రవ్యరాశి మారే మూడు కాళ్ల ఆంప్లిట్యూడ్‌లతో ఆ మింగడాన్ని కలిపేశారు. ట్యుకోల్స్కీతో పోల్చి కాంటాక్ట్ గుణకాలు తెచ్చినవారూ మా వైపున్నారు.

స్పిన్‌వలయం:
తెచ్చారు. కానీ ఎలా? జిని చిన్నదిగా తీసుకునే లెక్కకు సరిపోవాలని, స్పిన్‌ను తీవ్ర హద్దు (కృష్ణబిలానికి సాధ్యమైన గరిష్ఠ స్పిన్) దాటించి, క్షితిజమే లేని ప్రాంతానికి విశ్లేషణాత్మకంగా తీసుకెళ్లారు. దారిలో డైగామా ఫంక్షన్లు, స్పిన్ నిరపేక్ష విలువ ఉన్న పదాలు వచ్చాయి. వాటిలో ఏది మింగడం, ఏది సంరక్షక గతి అన్నది మనం ఎంచుకునే తీరు మీద ఉంది. ‘ఆంప్లిట్యూడ్ చెప్పింది’ అని రాసే ముందు ఆ ఎంపికను బయట పెట్టాలి.

హెచ్‌బార్:
డిటెక్టర్‌కు ఆ ఐదో ఘాతం కనిపిస్తుందా?

స్పిన్‌వలయం:
స్పిన్ ఐదో ఘాతం మొదటగా ఐదున్నర పీఎన్‌లో వస్తుంది, అది మూడు కాళ్లతోనే స్థిరం. కాంటాక్ట్ పదం ఇంకో మెట్టు పైన, ఆరున్నర దగ్గర. ఈ రోజు కనిపించదు. అయితే 2025లో వెల్లడించిన జీడబ్ల్యూ231123 అనే విలీన సంకేతంలో స్పిన్‌ల అంచనా (గరిష్ఠం 1) 0.9, 0.8 చుట్టూ ఉంది. అంత స్పిన్‌కు ఘాతాలు నెమ్మదిగానే తగ్గుతాయి.

లూప్‌లెక్క:
సరే, పరీక్ష పెడదాం. స్పిన్‌లు 0.8, కక్ష్యకు సమాంతరం. ఐదో ఘాతం కాంటాక్ట్ గుణకం ఒకసారి సున్నా, ఒకసారి ట్యుకోల్స్కీ విలువ పెట్టి రెండు కోణాలు తీసి, సంఖ్యా సాపేక్షత కోణంతో పోలుస్తాను.

వంకరకాలం:
జి ఘాతాల్లో విప్పిన రూపంతో పోల్చవద్దు. బలమైన క్షేత్రంలో అది ఎలాగూ తప్పుతుంది, ఆ తప్పు కాంటాక్ట్ పదాన్ని ముంచేస్తుంది. ముందు ఈఓబీ (రెండు వస్తువుల సమస్యను ఒకే వస్తువు చలనంగా మార్చే పద్ధతి) పొటెన్షియల్‌గా మార్చి, అప్పుడు కోణం తీయండి. సిమ్యులేషన్ కోణాన్ని కూడా పరిమిత దూరంలోని దారికి బహుపది తగిలించి అనంతానికి పొడిగిస్తారు. ఆ బహుపది డిగ్రీ మార్చి దోషం ఎంతో ముందు చూడండి. మీ రెండు కోణాల తేడా అంతకంటే తక్కువైతే ఈ పరీక్ష దేన్నీ తేల్చదు.