యుటిలిటీ జాలీలోంచి నీళ్లు పైకొస్తున్నాయి, పౌడర్ వేశాక యాసిడ్ పొయ్యొచ్చా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
అందరికీ నమస్కారం. మూడంతస్తుల ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటున్నాం. కొన్నాళ్లుగా వంటింటి సింకులో నీళ్లు మెల్లగా దిగుతున్నాయి. నిన్నటి నుంచి సింకులో వదిలిన నీళ్లు యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కనున్న నేల జాలీలోంచి ఉబుకుతున్నాయి, మెతుకులు, జిడ్డు తెట్టెతో సహా. రాత్రి ఆ జాలీలో డ్రెయిన్ పౌడర్ వేశాం. పొద్దున చూస్తే నీళ్లు తెల్లగా అలాగే నిలబడి ఉన్నాయి. షాపతనేమో టాయిలెట్ యాసిడ్ ఓ సీసా పోస్తే దెబ్బకి పోతుందంటున్నాడు. పొయ్యొచ్చా? ఓనరు ఊళ్లో లేరు. ఇంట్లో రెండేళ్ల బాబున్నాడు.

జవాబు (కె.ఆర్.పురం):
పొయ్యకండమ్మా. ముందు బాబు అటు రాకుండా యుటిలిటీ తలుపు గడియ పెట్టండి, మిగతా మాటలు తర్వాత.

ప్యాకెట్ వెనక చూడండి, సోడియం హైడ్రాక్సైడ్ అని ఉంటుంది. అంటే కాస్టిక్ సోడా. షాపతను చెప్పే సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. రెండూ కలిస్తే ఒక్కసారిగా వేడి పుట్టి, నీళ్లు మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. బ్లీచింగ్ కూడా పొయ్యకండి. తర్వాత ఎవరైనా దానిమీద యాసిడ్ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న యుటిలిటీలో అది ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

రెండు సంగతులు చెప్పండి. పై వాటా వాళ్లు గిన్నెలు కడిగినప్పుడు కూడా మీ జాలీలో నీళ్లు లేస్తున్నాయా? మీ టాయిలెట్ ఫ్లష్ మామూలుగా పోతోందా?

జవాబు (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్):
మా అత్తగారైతే వంట సోడా వేసి వెనిగర్ పోసి, పైన మరిగే నీళ్లు గుమ్మరించేవారు. అది చేసి చూడండి అక్కా, కెమికల్ కాదు కదా.

జవాబు (కె.ఆర్.పురం):
అది కూడా కెమికలేనండీ, కాకపోతే చేతకానిది. సోడా, వెనిగర్ ఒకదాన్నొకటి చంపుకుని బుస్సుమని నురగ వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. మిగిలేది ఉప్పునీళ్లలాంటిదే, గడ్డకట్టిన నెయ్యిని కరిగించే సత్తువ దానికి లేదు. మరిగే నీళ్లు అంతకంటే చేటు. మన ఇళ్లలో సింకు కిందవి పీవీసీ గొట్టాలు, 60 డిగ్రీలు దాటిన వేడి వాటికి పడదు, జాయింట్లు వదులవుతాయి. పైగా ఇప్పుడు ఆ జాలీలో కాస్టిక్ ఉంది, పోస్తే ఎగిరి పడుతుంది. చెయ్యి పట్టేంత వేడినీళ్లు, గిన్నెల సబ్బు కలిపి వారానికోసారి పోస్తే జిడ్డు పట్టకుండా ఉంటుంది, పట్టేశాక మాత్రం లాభం లేదు.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, పైన వాషింగ్ మెషిన్ నీళ్లు వదిలినప్పుడల్లా మా జాలీ గుడగుడలాడి నీళ్లు లేస్తున్నాయి. టాయిలెట్ మాత్రం బాగానే పోతోంది.

జవాబు (కె.ఆర్.పురం):
అయితే మీ సింకుకి ఏ రోగమూ లేదు. సింకు ఒక్కటే నిలిచిపోతే దాని కింది సీసాలాంటి గిన్నె, అంటే బాటిల్ ట్రాప్‌లో అడ్డం అనుకోవాలి. బకెట్ పెట్టి చేత్తో మర విప్పితే చెంచాలు, కాఫీ పిప్పి అన్నీ ఊడి పడతాయి. మీకు పైవాళ్ల నీళ్లు కూడా వెనక్కి తంతున్నాయి కాబట్టి అడ్డం అందరి వంటిళ్ల గొట్టాలు కలిసే చోటు తర్వాత ఉంది. టాయిలెట్ లైను వేరుగా నేరుగా బయటి మురుగు తొట్టి, అంటే ఛాంబర్‌లోకి పోతుంది, అది బాగుందంటే ఛాంబర్ ఖాళీగానే ఉంది. మిగిలింది గల్లీ ట్రాప్, వంటిళ్ల నీళ్లు ఛాంబర్‌కి పోయే ముందు దిగే చిన్న తొట్టి.

వంటింటి గోడ బయట, నేలమట్టాన, చదరంగా చిన్న మూత ఉంటుంది చూడండి. పై నుంచి దిగే గొట్టం దాంట్లోకే వస్తుంది. మూడు వంటిళ్ల నెయ్యి, నూనె, గంజి, దోసె పిండి అక్కడ చల్లారి పేరుకుంటాయి. బోరు నీళ్లయితే మరీ కష్టం, అందులోని సున్నంతో సబ్బు కలిసి తెల్లటి పెచ్చులు కడతాయి. ఇంట్లోంచి ఎన్ని ప్యాకెట్లు వేసినా అక్కడికి చేరేసరికి నీరుగారిపోతాయి. చల్లటి నీళ్లలో కాస్టిక్ అడుగున కూర్చుని రాయిలా బిగిసిపోవడం కూడా ఉంది.

ముందు నిలిచిన నీళ్లు తీసెయ్యాలి. మోచేతుల దాకా రబ్బరు గ్లోవ్స్, కళ్లజోడు, కాళ్లకు చెప్పులు. ప్లాస్టిక్ మగ్గే వాడండి, అల్యూమినియం గిన్నె ముట్టుకోవద్దు, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది. సగం దాకా చల్లటి నీళ్లున్న బకెట్‌లోకి కొంచెం కొంచెంగా తోడి, టాయిలెట్లో మెల్లగా పోసి ఫ్లష్ చెయ్యండి. పైవాళ్లని ఆ గంట నీళ్లు వాడొద్దని చెప్పండి. ప్లంజర్ ఇవాళ వద్దే వద్దు, ఒక్క పోటుకి ఆ నీళ్లు మీ కళ్లల్లో పడతాయి.

చర్మం మీద, కంట్లో పడితే కుళాయి కింద కనీసం 20 నిమిషాలు ఆపకుండా కడిగి ఆసుపత్రికి వెళ్లండి. నిమ్మరసం, పాలు లాంటివి రాయొద్దు. బాబు పొరపాటున నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించకూడదు, పోయినదారే మళ్లీ కాలుతుంది. వెంటనే ఆసుపత్రి. దారిలో ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి ఫోన్ చెయ్యొచ్చు, 1800 116 117.

ప్లంబర్‌కి పౌడర్ వేసిన సంగతి ముందే చెప్పండి. చాలామంది చెప్పరు, పాపం అతను ఉత్త చేతులు పెడతాడు.

జవాబు (బెళ్లందూరు):
ఒక మాట కలుపుతాను. గల్లీ ట్రాప్ అడుగున్నర లోతు, పైనుంచి చేత్తో తీసేదే. కానీ కొందరు 'సార్, ఛాంబర్‌లో దిగితే ఐదు నిమిషాల పని' అంటారు, ఒప్పుకోకండి. కింద హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు, మనిషి అక్కడే కూలిపోతాడు. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం రక్షణ లేకుండా డ్రైనేజీలోకి మనిషిని దించడం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. రోడ్డు మీది మ్యాన్‌హోలే నిండితే అది జలమండలి (బెంగళూరు నీటి బోర్డు) పని, 1916కి ఫోన్ చేస్తే నీళ్లు గట్టిగా కొట్టే జెట్టింగ్ మెషిన్ పంపుతారు. మేడ మీది వాననీటి గొట్టాన్ని ఎవరో యూజీడీలో (భూగర్భ మురుగు లైనులో) కలిపి ఉన్నారేమో కూడా చూసుకోండి. ఈ ఊళ్లో అదో మాయరోగం, వానొస్తే చాలు, కింది వాటాల్లో నీళ్లు లేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
మూత దొరికిందండీ! ఎవరో దానిమీద తులసి కుండీ పెట్టేశారు. ప్లంబర్ వచ్చి లోపలి నుంచి తెల్లటి ముద్దలు బకెట్ నిండా తీశాడు, తర్వాత స్ప్రింగు పోనిచ్చి పైపుతో నీళ్లు కొట్టాడు. ఇప్పుడు సింకు దానంతటదే గటగటా తాగుతోంది. డబ్బులు మూడు వాటాలకీ పంచమని ఓనరు ఫోన్‌లో చెప్పారు, పైవాళ్లు మాత్రం 'మాకేం ఇబ్బంది లేదు కదా' అంటున్నారు.

ఇంకొక్కటి. వాడని బాత్రూంలోంచి ఎప్పుడూ కంపు వస్తుంది. అదీ ఇదేనా?

జవాబు (కె.ఆర్.పురం):
కాదమ్మా. జాలీ కింది నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి, అదే కంపుకి తలుపు. వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. వారానికి రెండు మగ్గుల నీళ్లు పొయ్యండి. ఊరెళ్లేటప్పుడైతే పోసిన నీళ్ల మీద ఒక చెంచా వంటనూనె వెయ్యండి, త్వరగా ఆరిపోవు. పైవాళ్ల సంగతి ఓనరునే తేల్చమనండి, మీరు మధ్యలో దూరకండి.