1967 మార్టిన్ డి-18: నెక్ రీసెట్ తప్పదంటే కొనొచ్చా?

మూడోతీగ:

పన్నెండేళ్లుగా వాయిస్తున్నాను, ఎక్కువగా ఫింగర్‌పికింగ్. ఉన్నది ఒకటే గిటార్. దానికి వంక పెట్టడానికేమీ లేదు. మొన్న ఆదివారం ఒక పెద్దాయన ఇంట్లో మార్టిన్ కంపెనీ డి-18 గిటార్ చూశాను. ఆయనకి ఇప్పుడు వేళ్లు వంగడం లేదు, అందుకే అమ్ముతున్నారు. టార్చ్ వేసి లోపల చూస్తే నెక్ బ్లాక్ మీద నంబరు 22తో మొదలవుతోంది, ఆరంకెలు. మార్టిన్ నంబర్లు 1966 చివరికి 217215 దాకా, 1967 చివరికి 230095 దాకా వెళ్లాయి కాబట్టి ఇది 1967దే.

ఒళ్లో పెట్టుకుని ఆరో తీగని డి దాకా దించి ఒక్కసారి మీటాను. వెనక చెక్క అదరడం చొక్కాలోంచి పొట్టకి తెలిసింది. నా గిటార్ ఎప్పుడూ అలా పలకలేదు. మొదటి మూడు ఫ్రెట్ల మధ్య చెక్క గోటి ఆకారంలో గుంటలు పడి ఉంది. పైకి వెళ్తే కొత్తగా ఉంది. ఆయన జీవితమంతా ఓపెన్ కార్డులే వాయించినట్టున్నారు.

అయిదో ఫ్రెట్ దాటాక మాత్రం తీగలు నొక్కలేకపోయాను. ఒక వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డు పట్టుకుంటే చెయ్యి నొప్పెట్టింది. పిక్‌గార్డ్ అంచు వెంట టాప్ మీద సన్నటి చీలిక కూడా ఉంది, ఎప్పుడో అతికించారు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కొనాలని చాలా ఉంది, కానీ తీగలు అంత ఎత్తుగా ఉంటే నెక్ రీసెట్, అంటే నెక్ ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ అతికించడం, తప్పదేమోనని టెన్షన్‌గా ఉంది. మళ్లీ వెళ్లినప్పుడు ఏం చూడాలి?

రిపేరుబల్ల:

చీలిక గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ దానికే భయపడతారు. ఆ రోజుల్లో పిక్‌గార్డ్‌ని పాలిష్ లేని ఉత్త చెక్క మీదే అంటించేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, చెక్కని లాగుతుంది, అంచు వెంట చీలుతుంది. ఆ వయసు గిటార్లలో ఇది మామూలే. లోపల చిన్న అద్దం పెట్టి చూడండి. చీలిక కింద చిన్న చెక్క బిళ్లలు అడ్డంగా అతికించి ఉంటే, వేలితో నొక్కినప్పుడు కదలకపోతే, దాన్ని వదిలెయ్యండి.

అసలు చూడాల్సింది నెక్ కోణం. లైట్ సెట్ ఆరు తీగలూ కలిసి 70 కిలోలకి పైగా లాగుతాయి. అర్ధ శతాబ్దం పైన ఆ బరువు మోశాక బాడీ కొద్దిగా వంగుతుంది, నెక్ ముందుకొస్తుంది. వంకర లేని పొడవాటి స్కేలు ఒకటి తీసుకెళ్లి ఫ్రెట్ల మీద పరిచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చెక్క) వైపు జరపండి. స్కేలు కొస బ్రిడ్జ్ పై అంచుని తాకుతూ వెళ్లాలి. అంచు కంటే కిందకి గుద్దుకుంటే కోణం పోయినట్టే. బ్రిడ్జ్ మందం కూడా కొలవండి. మామూలుగా 8, 9 మిల్లీమీటర్లుంటుంది. ఆరే ఉంటే ఎవరో రీసెట్ తప్పించుకోవడానికి బ్రిడ్జ్‌ని గీకేశారన్నమాట, దాని పని కూడా మీ లెక్కలో పడుతుంది.

ఇంకొకటి. మార్టిన్ వాళ్లు నెక్ లోపల సర్దుకునే ట్రస్ రాడ్ (వంపు సరిచేసే ఇనుప కడ్డీ) పెట్టడం మొదలుపెట్టింది 1985లో. దీని నెక్‌లో రాడ్ తిప్పి వంపు సరిచేసే వీలు లేదు. ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా పద్నాలుగో ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. పావు మిల్లీమీటరు ఉంటే సంతోషం. బాగా ఎక్కువుంటే ఫ్రెట్లు తీసి మళ్లీ వెయ్యాల్సి రావచ్చు.

పాతచెక్క:

నేను సంవత్సరం చూసి కొన్నాను, అందుకే రాస్తున్నాను. అది వేరే గిటార్, నేను పుట్టిన ఏడాది తయారైంది. ఓపెన్ కార్డులు తేనెలా ఉండేవి. అయిదో ఫ్రెట్ దగ్గర క్యాపో (తీగలన్నీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెడితే ఏ తీగా శ్రుతిలో ఉండేది కాదు. బ్రిడ్జ్ కాస్త తప్పు చోట అంటించారని చాలా నెలల తర్వాత తెలిసింది. మీరు ట్యూనర్ తీసుకెళ్లి పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటిన స్వరం), నొక్కిన స్వరం రెండూ పోల్చండి. రెండు నిమిషాల పని. నేను ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

మీ గిటార్‌ని కూడా తీసుకెళ్లండి. రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేసి, వేరేవాళ్లతో వాయించించి మీరు ఎదురుగా కూర్చుని వినండి. మొన్న మీకు నచ్చింది ఆ గిటారో, ఆ గదో, అప్పుడు తెలుస్తుంది.

విదేశాలకి తీసుకెళ్లే ఆలోచన ఉందా? ఆ కాలపు డి-18కి ఫింగర్‌బోర్డు, బ్రిడ్జ్ బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయ్యే అవకాశముంది. 1992 నుంచి అది సైటీస్ (అంతరించే జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, కాగితాలు లేకుండా దేశం దాటించకూడదు.

మూడోతీగ:

నిన్న స్కేలు, అద్దం, ట్యూనర్, నా గిటార్ అన్నీ మోసుకుని వెళ్లాను. పెద్దాయన ఓపిగ్గా కూర్చున్నారు. బిళ్లలు మూడు ఉన్నాయి, చీలిక కదలడం లేదు. బ్రిడ్జ్ మందం 8.5. ఏడో ఫ్రెట్ దగ్గర సందు బాగానే ఉంది. హార్మోనిక్, నొక్కిన స్వరం దాదాపు ఒకటే.

స్కేలు మాత్రం బ్రిడ్జ్ పై అంచుకి రెండు మిల్లీమీటర్ల కింద గుద్దుకుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 3.5. శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నటి పట్టీ) బయటికి కనిపించేది ఒకే ఒక్క మిల్లీమీటరు.

కొత్త తీగలతో ఆయనే రెండూ వాయించారు. వేళ్లు వంగకపోయినా బొటనవేలితో మీటారు. గది మారలేదు, తీగలు మారలేదు, డి-18 స్వరమే గదిలో ఎక్కువసేపు నిలిచింది. ఆ ధ్వని నా ఊహ కాదు.

రిపేరుబల్ల:

పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎంత దించాలో, శాడిల్ దగ్గర దానికి రెట్టింపు దించాలి. 3.5 నుంచి 2.4కి రావాలంటే శాడిల్ 2.2 తగ్గాలి. మీకున్నది ఒకటి. కాబట్టి రీసెట్ తప్పదు.

కానీ మిగతావన్నీ చక్కగా ఉన్నాయి. ఇలాంటి గిటార్‌కి నేను భయపడను. పదిహేనో ఫ్రెట్ తీసి, ఆ గాడిలో సన్నటి రంధ్రం చేసి, జాయింట్‌లోకి ఆవిరి పంపితే జిగురు మెత్తబడి నెక్ ఊడొస్తుంది. నెక్ మడమ (బాడీకి అతికే చివర) దగ్గర చెక్క కొద్దికొద్దిగా చెక్కి కోణం సరిచేసి మళ్లీ అతికిస్తారు. చేయి తిరిగినవాళ్లు చేస్తే మళ్లీ చాలా ఏళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు. ఆ ఖర్చు ఎంతో ముందే కనుక్కుని, ఆయన చెప్పిన ధరలోంచి తగ్గించమని అడగండి. స్కేలు పెట్టి చూపిస్తే ఆయనకే అర్థమవుతుంది.

మూడోతీగ:

అడిగాను. స్కేలు ఆయన చేతికే ఇచ్చాను, ఆయనే పెట్టి చూసుకున్నారు. "ఇన్నేళ్లు నా చేతిలో బలం తగ్గిందనుకున్నాను" అన్నారు. ఖర్చు మొత్తం తగ్గించారు. కేసు మూసే ముందు ఒకసారి ఈ మైనర్ పట్టుకున్నారు.

కొనేశాను. ఇప్పుడు లూథియర్ (గిటార్లు చేసి, బాగుచేసేవాళ్లు) దగ్గర ఉంది, నెక్ ఒక పక్క, బాడీ ఒక పక్క. పనయ్యాక చెయ్యి నొప్పెట్టకుండా 11 సెట్ (సన్న తీగలు) వెయ్యనా, 12 (కాస్త లావువి) వెయ్యనా?

రిపేరుబల్ల:

ఏదైనా పర్లేదు, కానీ ఇప్పుడే తేల్చుకోండి. కోణం, శాడిల్ రెండూ ఆ సెట్ లాగుడుకి తగ్గట్టే చేస్తారు. నేనైతే ఆ టాప్‌కి 12 వేస్తాను. నెక్ అతికించక ముందే లూథియర్‌కి ఫోన్ చేసి చెప్పండి.