ఒకే ఉద్దానం, రెండు తీర్పులు: పలాసలో సిట్టింగులు ఎందుకు నిలవరు?

ఉద్దానం కుర్రోడు:
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, వజ్రపుకొత్తూరు మండలం, పలాస నియోజకవర్గం. అమ్మ కన్నోరిల్లు కవిటి, అంటే ఇచ్ఛాపురం. రెండు చోట్లా అవే జీడితోటలు, అదే కిడ్నీ జబ్బు. ఓటు దగ్గరకొచ్చేసరికి ఇంత తేడా ఏటి? 2009 నుంచి పలాసలో కాంగ్రెస్, టీడీపీ, వైసీపీ, మళ్లీ టీడీపీ. ఏ పార్టీనీ వరసగా రెండోసారి గెలిపించలేదు. ఇచ్ఛాపురంలో చూస్తే 2014, 2019, 2024 మూడుసార్లూ టీడీపీ బెందాళం అశోకే.

మా నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి 700 కోట్ల మంచినీళ్ల పథకం కూడా అప్పుడే. ఆరు నెలలు తిరక్కుండా, మా వైసీపీ ఎమ్మెల్యే, మంత్రిగా ఉన్న సీదిరి అప్పలరాజు ఓడిపోయారు. నాన్నయితే ఆసుపత్రిని చూసే ఓటేసారు. మా వీధి వెయ్యలేదు. పని చేసినా నిలబెట్టకపోతే రేపొచ్చినోళ్లకి పని చెయ్యాలని ఎందుకుంటుంది?

కవిటి కొబ్బరితోట:
తమ్ముడూ, మా దగ్గర మనిషిని చూస్తారు. 2019 గాలిలో జిల్లాలో 10 సీట్లకి 8 వైసీపీకి పోయాయి. టీడీపీకి ఆగినవి టెక్కలి, ఇచ్ఛాపురం. కానీ గాలి మాటా తీసెయ్యలేం. టీడీపీ రామ్మోహన్ నాయుడు అప్పుడు శ్రీకాకుళం ఎంపీగా 6,653 ఓట్లతో బయటపడ్డారు, 2024లో మెజారిటీ 3 లక్షల 27 వేలు దాటింది. మనిషి ఆయనే కదా.

చీపురుపల్లి మాస్టారు:
బాబూ, మా విజయనగరం జిల్లా చూడు. 2019లో 9కి 9 వైసీపీ. ఆ తొమ్మండుగురూ 2024లో మళ్లీ నిలబడ్డారు, తొమ్మండుగురూ ఓడారు. మా బొత్స సత్యనారాయణ గారు 2009లో గెలిచారు, 2014లో ఓడారు, 2019లో గెలిచారు, 2024లో ఓడారు. అంత పెద్ద నాయకుడికే అలా అయింది.

మా ఊరి రచ్చబండ దగ్గర ఎలక్షన్ ముందు నేను విన్నది ఒకటే: భూమి పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ బొమ్మ. "తాత సంపాదించిన భూమికి ఆ బొమ్మేటి?" అనేవారు. ఆసుపత్రి జబ్బున్న ఇంటికి గుర్తుంటుంది, పాసుపుస్తకం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మీ వీధిది కృతఘ్నత అనుకోకు నాయినా, భూమి గురించి వాళ్ల భయం వాళ్లది.

ఉద్దానం కుర్రోడు:
మాస్టారూ, పాసుపుస్తకం మాట మా చిన్నాన్న కూడా అన్నారు. నేనే చెవిన పెట్టలేదు. రేపు పొద్దున్న నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నాలుగు గంటలు బయట బల్ల మీదే కూర్చుంటాను. పక్కన కూర్చున్నోళ్లని అడుగుతాను, ఎవరికేసారని కాదు, ఏం చూసి వేసారని.