మనిషి సాధించిన ఘనతల గురించి యువతకు ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. మా సంఘంలో యవనస్థుల కూడికకు వాక్యం చెప్పే బాధ్యత నాకిచ్చారు. మనిషి సాధించిన గొప్ప విజయాలు, దేవుడిచ్చిన సామర్థ్యం అనేది అంశం.

1969లో చంద్రుడి మీద దిగాక వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్, బయట అడుగు పెట్టకముందే, తాము దిగిన నౌక లూనార్ మాడ్యూల్‌లో ప్రభు రాత్రి భోజనం (యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) తీసుకున్నారు. చిన్న గిన్నెలో ద్రాక్షారసం పోసుకుని యోహాను 15:5 చదివారు: ‘నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు.’ అంత ఘనకార్యం చేసిన చోట ఆ మాట! దీనితోనే మొదలుపెడదామనుకుంటున్నాను.

చిక్కంతా తర్వాతే. ఆదికాండము 1:28లో భూమిని లోపరచుకోమన్న దేవుడే, 11వ అధ్యాయంలో పేరు సంపాదించుకోవాలని ఆకాశాన్నంటే బాబెలు గోపురం కట్టేవాళ్లను చెదరగొట్టాడు. ఫిలిప్పీయులకు 4:13 (‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’) చూపించి ఏదైనా సాధించొచ్చు అనేస్తారు చాలామంది. కానీ దానికి ముందున్న 12వ వచనంలో పౌలు చెప్పింది ఆకలిలోనూ సమృద్ధిలోనూ ఉండటం గురించి. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఆ వాక్యాన్ని ర్యాంకు గ్యారంటీలా చెప్పడం నాకిష్టం లేదు.

మరి దేవుడు మెచ్చే ఆశయానికీ బాబెలు గర్వానికీ తేడాను మీరైతే ఎలా వివరిస్తారు? ప్రత్యక్ష గుడారం పనికి దేవుడు నైపుణ్యమిచ్చిన బెసలేలు (నిర్గమకాండము 31) మంచి ఉదాహరణేనా? ఓడిపోయామని కుంగిపోయినవాళ్లకు ఏ వచనం చూపిస్తారు?