తాత రాలీ సైకిల్: హబ్బు మీది సంవత్సరం ఫ్రేముకూ చెల్లుతుందా?

నల్లగొండ నుంచి:
మా తాత తొక్కిన రాలీ సైకిల్ పశువుల కొట్టంలో బయటపడింది. రాడ్ బ్రేకులు, వెనక చక్రం మధ్యలో మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్ కంపెనీ హబ్బు. దాని మీద 58 5 అని కొట్టి ఉంది. గడియారం సెంటర్ దగ్గర సైకిల్ షాపులో చూపిస్తే ‘1958 ఇంగ్లండ్ బండి, పైపు కూడా 531 రకం ఉక్కు’ అన్నారు. నిజమేనా?

మిర్యాలగూడ నుంచి:
నిజమే అన్నా. 58 అంటే సంవత్సరం, 5 అంటే మే నెల. ముందు బ్యాడ్జి కూడా ఉంటే ఇంకా అనుమానం దేనికి?

పాలమూరు నుంచి:
అంకెల లెక్క సరైనదే. కానీ అది హబ్బు తయారైన నెల. మన ఊళ్లల్లో హబ్బు అరిగితే ఇంకో సైకిల్‌ది తెచ్చి పుల్లలు అల్లించుకునేవాళ్లు. బ్యాడ్జి కూడా ఊడదీసి ఇంకో ఫ్రేముకు బిగించొచ్చు. రాలీ అని ఉంటే ఇంగ్లండ్‌దే అనుకోవద్దు, 1950లలోనే అసన్సోల్‌లో సెన్ రాలీ ఫ్యాక్టరీ నడిచింది.

531 మాట నేను అసలు ఒప్పుకోను. బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన మాంగనీస్ మాలిబ్డినం ఉక్కు అది. పందేల సైకిళ్లకు వాడేవాళ్లు, రాడ్ బ్రేకుల బరువు బండ్లకు మామూలుగా వాడేవాళ్లు కాదు. సీటు పోలు, అంటే సీటు కింద పైపులోకి దిగే కడ్డీ, తీసి వెర్నియర్ కొలత పరికరంతో కొలవండి. సీటు పైపు బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు ఉండి, పోలు 27.2 పడితే పైపు గోడ 0.7 దగ్గర ఉంటుంది, అంటే పల్చటి మంచి పైపు. పోలు 25.4 అయితే గోడ 1.6 దాకా ఉన్నట్టు, మామూలు ఉక్కే.

పనితనం చూడాలంటే మాత్రం పెడల్ ఇరుసు విప్పాల్సిందే. మా నాన్న సైకిల్‌కు పెడల్ చేతులను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు రాత్రంతా కిరోసిన్‌లో నాననిచ్చి కొట్టి తీశాను. ఇరుసుకు రెండు వైపులా ఉండే బేరింగు కప్పులు విప్పి, నల్లగా గట్టిపడ్డ గ్రీజు గీకి టార్చి వేస్తే లోపల పైపుల కొసలు కనబడ్డాయి. ఒకటి గుండ్రంగా, నీటుగా కోసి ఉంది. పక్కది అడ్డదిడ్డంగా కోసి, సందును ఇత్తడితో నింపేశారు. పై పెయింటు మాత్రం అద్దంలా ఉంది! అందుకే పైన మెరిసే ఫ్రేమును నేను నమ్మను.

మిర్యాలగూడ నుంచి:
హబ్బు సంగతి ఒప్పుకుంటున్నా. పల్చటి పైపే మంచిదంటే మాత్రం ఒప్పుకోను. మా పెదనాయన కేరియర్ మీద వడ్ల బస్తా వేసుకుని కచ్చా రోడ్డు మీద మిల్లుకు పోయేవాడు. ఆ పనికి మందం పైపే క్వాలిటీ.

పాలమూరు నుంచి:
అది న్యాయమైన మాట. ఏ పనికి చేశారో చూసే క్వాలిటీ చెప్పాలి, నేనే తొందరపడ్డాను. నల్లగొండ అన్నా, ఇప్పుడే కొత్త పెయింటు మాత్రం కొట్టించకండి. సీటు లగ్గు (సీటు కింద పైపులు కలిసే అతుకు) మీద, పెడల్ ఇరుసు గొట్టం కింద ఫ్రేము నంబరు వెతకండి. పెయింటు గీకించారంటే ఆ నంబరు, పాత రంగు గీతలు రెండూ పోతాయి.

నల్లగొండ నుంచి:
పోలు కొలిచాను, 25.4. సీటు లగ్గు మీద నంబరు ఉన్నట్టే ఉంది, మూడు పొరల పెయింటు కింద చేతికి తగులుతోంది. రేపు థిన్నర్‌లో గుడ్డ ముంచి మెల్లగా తుడుస్తాను.