బిస్మత్ మాత్రలు మొదలుపెట్టాక మలం నల్లగా వస్తోంది, ఆపేయాలా?

ఎండోస్కోపీలో కడుపులో అల్సర్ ఉందని, దానికి కారణం హెచ్. పైలోరీ బ్యాక్టీరియా అని తేలింది. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, యాసిడ్ తగ్గించే మాత్ర కలిపి 14 రోజులకు రాశారు. ఈరోజు నాలుగో రోజు. పొద్దున మలం బొగ్గులా నల్లగా వచ్చింది. నాలుక కూడా నల్లబడింది. లోపల రక్తం పోతోందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. నొప్పి మాత్రం తగ్గింది. మాత్రలు మానేయమంటారా?

జవాబు 1:
నేనూ ఈ కోర్సు పూర్తి చేశాను. మొదటిసారి చూసినప్పుడు నాకూ కాళ్లూ చేతులూ ఆడలేదు. నోట్లో, పేగుల్లో ఉండే గంధకంతో బిస్మత్ కలిసి బిస్మత్ సల్ఫైడ్ అవుతుంది, ఆ నలుపు దానిదే. మందు అయిపోయిన కొన్ని రోజులకు పోతుంది.

కానీ రక్తం పోయినా మలం నల్లగానే వస్తుంది. అది తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది. అలా ఉన్నా, కళ్లు తిరిగినా, గుండె దడగా అనిపించినా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడిలాంటిది గానీ కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తేడా తెలియకపోయినా ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. సగంలో మానేస్తే మిగిలిన బ్యాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. కడుపులో మంట అని టెట్రాసైక్లిన్‌ని పాలతో మింగేదాన్ని. పాలు, కాల్షియం, ఐరన్, మంటకు అప్పటికప్పుడు వేసుకునే యాంటాసిడ్ ఏది కలిసినా ఆ మందు ఒంటికి పట్టదట. మందుల షాపాయన చెప్పేదాకా నాకు తెలియదు. నిండా గ్లాసు నీళ్లతో, కూర్చుని మింగండి. మెట్రోనిడజోల్ వల్ల నోరు ఇనుము నాకినట్టు ఉంటుంది, ఓర్చుకోండి. మద్యం అస్సలు వద్దు.

జవాబు 2:
అట్ట మీద మందు పూర్తి పేరు చదవండి. బిస్మత్ సబ్‌శాలిసిలేట్ అని ఉంటే అది ఆస్పిరిన్ జాతిది. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా వేసుకోకూడదు. చెవుల్లో హోరు మొదలైతే వెంటనే చెప్పాలి. పిల్లలకు, గర్భిణులకు ఇంట్లో ఉంది కదా అని ఇవ్వకండి. సబ్‌సిట్రేట్ అయితే అందులో శాలిసిలేట్ ఉండదు.

అడిగినవారు:
నాది సబ్‌సిట్రేటే. డాక్టర్‌తో మాట్లాడాను. జిగట, వాసన లేవు కాబట్టి కొనసాగించమన్నారు. తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
నొప్పి పోయినంత మాత్రాన బ్యాక్టీరియా పోయినట్టు కాదు. యూరియా బ్రెత్ టెస్ట్ (ఊదిన గాలిని బట్టి ఈ బ్యాక్టీరియా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించుకోండి. యాంటీబయాటిక్స్, బిస్మత్ ఆపాక కనీసం 4 వారాలు ఆగాలి. యాసిడ్ మాత్ర ఆపి 2 వారాలు కావాలి, అది ఎప్పుడు ఆపాలో డాక్టర్నే అడగండి. తొందరపడితే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. అన్నట్టు, ఒళ్లు నొప్పులకని ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకండి, మానుతున్న పుండు మళ్లీ రేగుతుంది.