2025లో మీకు బాగా నచ్చిన గేమ్ ఏది? నావి చెప్తా, మీవి చెప్పండి (పాత ల్యాప్‌టాప్ బాధితులు ముందుకు రండి)

కొర్లగుంట_కంట్రోలర్ (తిరుపతి)

ఏడాది అయిపోవచ్చింది, అవార్డులు కూడా ఇచ్చేశారు, ఇక మన లిస్టు మనం వేసుకుందాం. ముందే చెప్తున్నా, నాది 1650 గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ ఉన్న పాత ల్యాప్‌టాప్. రేణిగుంటలో షిఫ్ట్ డ్యూటీ. ఇంటికొచ్చి తిని కూర్చునేసరికి ఏ పదకొండో అవుతుంది, అందుకని వంద గంటల గేమ్ అంటే దూరం నుంచే దణ్ణం పెట్టేస్తా. మర్నాడు కంపెనీ బస్సులో కూర్చున్నప్పుడు కూడా బుర్రలో అదే తిరుగుతుంటే అది మంచి గేమ్, అంతే నా లెక్క.

అలా చూస్తే ఈ ఏడాది నాకు సిల్క్‌సాంగ్ తర్వాతే ఏదైనా. హాలో నైట్ అనే గేమ్ చేసినవాళ్లదే, 2019లో అనౌన్స్ చేసి ఇదిగో అదిగో అని ఆరేళ్లు ఊరించారు. వస్తుందన్న ఆశ నాకైతే పోయింది. సెప్టెంబర్ 4న మన టైమ్ రాత్రి ఏడున్నరకి వదిలారు, వదలగానే పీసీ గేములు అమ్మే స్టీమ్ సైటు పడిపోయింది, ప్లేస్టేషన్, నింటెండో స్టోర్లదీ అదే గతి. ఆస్ట్రేలియాలో ముగ్గురు నలుగురు కూర్చుని చేసిన 20 డాలర్ల టూడీ గేమ్‌కి ఇంత తొక్కిసలాట! నా ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ శబ్దం కూడా లేకుండా నడిచింది, దానికే సగం మార్కులు.

కష్టం సంగతి మాత్రం అడగొద్దు. హంటర్స్ మార్చ్ అని ఒక చోటుంది, ఎర్ర చీమలు ఎటు చూసినా మీద పడుతుంటాయి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని చివరికి ఒక బెంచీ దగ్గరికి చేరతాం. ఈ గేమ్‌లో బెంచీ అంటే సేవ్ పాయింట్, కూర్చుంటే దెబ్బలన్నీ మానిపోతాయి. హమ్మయ్య అని కూర్చున్నా. ఆ బెంచీయే ట్రాప్! దాన్ని ఆపే స్విచ్ ఎక్కడో దాచిపెట్టాడు మహానుభావుడు. ఒళ్ళు మండి ల్యాప్‌టాప్ మూసేసి పడుకున్నా, పడుకున్నాక నవ్వొచ్చింది. మొదట్లో బాసులు (పెద్ద శత్రువులు) మరీ ఘోరంగా ఉన్నారని గోల చేస్తే మూర్‌వింగ్ లాంటి ఒకరిద్దరిని ప్యాచ్‌లో (గేమ్ అప్‌డేట్‌లో) కాస్త తగ్గించారు. నేను ఆ ప్యాచ్ వచ్చాకే దాటాను, అందులో దాచుకునేదేముంది.

తర్వాత హేడిస్ 2. పూర్తి వెర్షన్ సెప్టెంబర్ 25న వచ్చింది, అంటే సరిగ్గా బ్రహ్మోత్సవాల్లో. ఇంటినిండా చుట్టాలు, టీవీ గది నాది కాదు, వంటింటి పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడాను. ఒక్కో పరుగు, అంటే మొదలుపెట్టి చచ్చేదాకా ఆడే ఒక్కో ఆట, అరగంట, పిలిస్తే ఆపి లేవొచ్చు. డ్యూటీ వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి. జీటీఏ 6 కోసం దాచిన డబ్బు అలాగే ఉంది, అది 2026 నవంబర్ 19కి వాయిదా పడింది కాబట్టి.

అడిగేదేంటంటే, అందరూ ఎక్స్‌పెడిషన్ 33 అంటున్నారు. నిజంగా అంత ఉందా? నా డొక్కు ల్యాప్‌టాప్‌కి అది వద్దంటే సేల్ అయిపోయేలోగా ఇంకేం కొనాలో చెప్పండి.

కట్టమంచి_కన్సోల్ (చిత్తూరు)

అంత ఉంది తమ్ముడూ. నేను పీఎస్5లో ఆడాను. నీ 4 జీబీ కార్డుతో మాత్రం ప్రయత్నించొద్దు, దానికి కనీసం 6 జీబీ కార్డు అడుగుతున్నారు, బొమ్మ మసకమసకగా చూస్తే ఆ గేమ్‌కే అన్యాయం చేసినట్టు.

కథ తెలియనివాళ్ల కోసం మొదటి పావుగంట మాత్రం చెప్తా, దాని తర్వాత చెప్పను. లూమియేర్ అని ఒక ఊరు. సముద్రం అవతల ఒక పెద్ద రాతి స్తంభం, దాని మీద ఒకామె ఏడాదికోసారి లేచి ఒక అంకె వేస్తుంది. ఆ వయసు వాళ్లంతా అప్పటికప్పుడు మాయమైపోతారు. ఏటా ఆ అంకె ఒకటి తగ్గుతుంది. గేమ్ మొదలయ్యే రోజున 33 వేస్తుంది. వెళ్లిపోయేవాళ్లకి పూలదండలు వేసి రేవు దాకా సాగనంపుతారు, చెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషి చేతిలోనే పూరేకులై గాల్లో కలిసిపోతుంది. నాకు ఈ మార్చికి 33 వస్తాయి, ఆ సీన్ చూశాక కాసేపు కంట్రోలర్ పక్కన పెట్టేశా.

ఫైట్లు ఒకరి తర్వాత ఒకరు కొట్టుకునే పాత పద్ధతే, కానీ శత్రువు కొట్టేటప్పుడు సరైన క్షణంలో బటన్ నొక్కితే దెబ్బ తప్పించుకోవచ్చు, ఇంకా సరిగ్గా నొక్కితే ఎదురు దెబ్బ. వాడి కత్తి ఊపు కళ్లతో కాదు, చెవితో పట్టుకోవాలి. సాండ్‌ఫాల్ అని ఫ్రాన్స్‌లో మోంపెలియేలో ఉన్న స్టూడియో, అసలు టీమ్ ముప్పై మంది చిల్లర, వాళ్ల మొదటి గేమే ఇది. ది గేమ్ అవార్డ్స్‌లో 9 కొట్టుకుపోయింది, అక్కడ ఒక గేమ్‌కి అన్ని రావడం ఇదే మొదలు.

నీకు నేను చెప్పేది స్ప్లిట్ ఫిక్షన్. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. ఇద్దరు లేకపోతే మాత్రం నడవదు. నేను మా చెల్లితో ఆడాను, ఎప్పుడూ గేమ్స్ ముట్టని మనిషి. అందులో ఒకచోట ఇద్దరం పంది పిల్లలమై ఎగురుకుంటూ తిరుగుతాం, ముద్దుగా ఉందే అనుకునేలోపే మిషన్‌లో పడి సాసేజ్‌లమై బయటికొస్తాం, అక్కణ్ణుంచి పెనం మీద దొర్లుతూ ఆడాలి! మా చెల్లి పది నిమిషాలు నవ్వుతూనే ఉంది, ఆట ముందుకు సాగలేదు.

సేవ్_చేశావా

ఎక్స్‌పెడిషన్ 33 సంగీతం బాగుంది, బొమ్మలు బాగున్నాయి, ఒప్పుకుంటా. కానీ ప్యారీ ప్యారీ (ఆ క్షణం చూసి బటన్ నొక్కడం) అని ప్రతి చిల్లర శత్రువు దగ్గరా అదే టెన్షన్ ఏంటండీ, సగంలో నాకు విసుగొచ్చేసింది. 9 అవార్డులంటున్నారు, చిన్న స్టూడియోల గేమ్స్‌కి ఇచ్చే ఇండీ గేమ్ అవార్డ్స్ వాళ్లు ఇచ్చిన గేమ్ ఆఫ్ ది ఇయర్ అవార్డును వెనక్కి తీసుకున్న ముక్క ఎవరూ చెప్పరేం? గేమ్ తయారీలో ఏఐ బొమ్మలు వాడారని తేలాక తీసేసుకుని బ్లూ ప్రిన్స్ అనే గేమ్‌కి ఇచ్చారు.

నా ఓటు కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ 2కి. 1403 నాటి బొహీమియా, అంటే ఇప్పటి చెక్ దేశం. మంత్రాలు లేవు, డ్రాగన్లు లేవు. హీరో హెన్రీ కమ్మరి కొడుకు, కథ మొదట్లోనే ఉన్నదంతా పోగొట్టుకుని ఊరి నడిమధ్య బొండకొయ్యలో మెడ ఇరికించుకుని నిలబడతాడు. స్నానం చెయ్యకుండా వెళ్తే మనుషులు మొహం మీదే కంపు అంటారు. ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకోవాలంటే ఒకరకం సారా తాగాలి, ఆ సారా కూడా మూలికలు మరిగించి మనమే కాచుకోవచ్చు. నాకు బాగా నచ్చింది కొలిమి పని. ఇనుము ఎర్రగా కాల్చాలి, తిప్పి తిప్పి కొట్టాలి, సుత్తి దెబ్బ లయలో పడితే హెన్రీ ఈల వేస్తాడు, తప్పితే ఈల ఆగిపోతుంది. ఒక్కో రోజు కథ వదిలేసి కత్తులు కొట్టుకుంటూ కూర్చున్నా. తలకాయ నొప్పి తగ్గింది, నిజంగా.

కట్టమంచి_కన్సోల్ (చిత్తూరు)

ఆ ఏఐ విషయం నిజమే, కాదనను. వాళ్ల రూల్ వాళ్లది. అందుకని నేను ఆ రేవు దగ్గర పడ్డ బాధ తిరిగిచ్చెయ్యాలా ఏంటి? విసుగొస్తే డిఫికల్టీ తగ్గించుకోవచ్చు కదా సామీ. అయినా పదకొండింటికి ఇంటికొచ్చేవాడికి వంద గంటల కొలిమి పని చెప్తావేం!

హాస్టల్_వైఫై

అన్నలూ, నా దగ్గర పీసీ లేదు, పీఎస్ లేదు, ఫోనే. బీజీఎంఐ అందరూ ఆడేదే కాబట్టి వదిలెయ్యండి. నాది బలాట్రో. 2024ది, తెలుసు, కానీ నేను ఆడింది ఈ ఏడాది, ఎవరూ కొట్టకండి.

పేక ముక్కలతో ఆడేదే, పోకర్‌లోలా ముక్కల జతలు, వరసలు కూర్చాలి, కానీ డబ్బుతో సంబంధం లేదు. మజా అంతా జోకర్లలో ఉంది. ఒక జోకర్ పాయింట్లు పెంచుతాడు, ఇంకొకడు వాటిని హెచ్చవేస్తాడు, ఏ జోకర్ ఎడమ పక్క, ఎవడు కుడి పక్క అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. ముందు కూడి తర్వాత హెచ్చవేస్తే వచ్చేది వేరు, ముందే హెచ్చవేసేస్తే వచ్చేది వేరు. ఒక్క మనిషి చేసిన గేమ్ అంటే నమ్మబుద్ధి కాదు. నెట్ కూడా అక్కర్లేదు, మా హాస్టల్ వైఫై సంగతి నా పేరులోనే ఉంది.

దీపావళికి పీలేరు పోయినప్పుడు మా నాన్న నా భుజం మీదుగా ఫోన్ చూశాడు. పేక ముక్కలు! ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని పార్లమెంట్ చట్టం చేసి నిషేధించింది కదా, మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ 2020 నుంచే నిషేధం. ఇంక చూడండి. "గవర్నమెంట్ ఆపేసినా నువ్వు ఆపవా" అని మొదలుపెట్టాడు. ఇది అది కాదు నాన్నా అంటే వినడే. యూరప్‌లో వయసు రేటింగ్ ఇచ్చేవాళ్లు కూడా దీనికి 18 వేసి, గోల అయ్యాక ఈ ఏడాదే 12కి దించారని చూపించా. "అయితే వాళ్లకీ అనుమానమొచ్చిందన్నమాట" అన్నాడు. ఏం చెప్పాలి.

మోకాళ్ళ_పర్వతం (తిరుపతి)

కొర్లగుంట బ్రో, నీ ల్యాప్‌టాప్‌కి, నీ జేబుకి కరెక్ట్ గేమ్ పీక్. 8 డాలర్లే. నలుగురి దాకా కలిసి కొండ ఎక్కాలి, అంతే గేమ్. విమానం కూలి దీవిలో పడతాం, కొండ కొస దాకా పోతేనే రక్షణ. ఒక స్టామినా గీత ఉంటుంది, ఆకలేస్తే అందులో కొంత పోతుంది, దెబ్బ తగిలితే కొంత, బ్యాగు బరువైతే ఇంకొంత. అచ్చం అలిపిరి మెట్లు ఎక్కినట్టే, గాలిగోపురం దాకా జోకులు, దాని తర్వాత ఎవరి ఊపిరి వాళ్లది, పులిహోర పొట్లం మొయ్యనని ప్రతివాడూ తప్పుకునేవాడే. కొండ రోజూ మారిపోతుంది, నిన్నటి దారి ఇవాళ ఉండదు. దూరంగా పోతే గొంతు కూడా దూరమైపోతుంది, పడిపోయినవాడి కేక కిందికి జారుకుంటూ వినిపిస్తుంటే పైనున్నవాళ్లకి నవ్వాగదు. ఆకలి ముదిరితే పక్కనున్న ఫ్రెండ్ వేయించిన కోడిలా కనిపిస్తాడు, అక్కడే అసలు స్నేహాలు బయటపడతాయి.

మేం ముగ్గురున్నాం. నాలుగోవాడు పెళ్లి చేసుకుని బెంగళూరు వెళ్లిపోయాడు. వస్తావా?

లెక్కల_మాస్టారి_అమ్మాయి

బ్లూ ప్రిన్స్ పేరు ఎవరో అవార్డు గొడవలో తప్ప ఎత్తలేదు, కాబట్టి నేను ఎత్తుతున్నా. తాత వరసాయన ఒక బంగళా రాసిచ్చి వెళ్తాడు, 45 గదులు, 46వ గది కనిపెడితేనే ఆస్తి నీది. తలుపు తెరిచిన ప్రతిసారీ మూడు గదులు చూపిస్తుంది, అందులో ఒకటి ఎంచుకుంటే అది అక్కడ పుడుతుంది. రోజుకి ఇన్ని అడుగులని లెక్క, అయిపోతే మర్నాడు బంగళా మళ్లీ ఖాళీ. నోట్‌బుక్ లేకుండా ఆడడం దండగ, ఇంగ్లిష్ బాగా చదవాలి అది కూడా చెప్తున్నా.

పార్లర్ అని ఒక గది ఉంది, మూడు పెట్టెలు, ఒక్క పెట్టెలోనే రత్నాలు. కనీసం ఒక పెట్టె మీద రాసింది నిజం, కనీసం ఒకదాని మీద రాసింది అబద్ధం. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, గేమ్స్ అంటే పడదు. ఆ గది చూసినప్పటి నుంచి నేను ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు కుర్చీ లాక్కుని వస్తున్నాడు, "ఆ పెట్టెల గదికి పో" అంటాడు, కథ అక్కర్లేదు ఆయనకి. ఆ తరహాలో ఆయనే ఒకటి రాశాడు, చూడండి. నీలం పెట్టె: రత్నాలు నాలోనే ఉన్నాయి. తెల్ల పెట్టె: రత్నాలు నల్ల పెట్టెలో లేవు. నల్ల పెట్టె: నీలం పెట్టె చెప్పేది నిజం. ఏది తెరుస్తారు?

హాస్టల్_వైఫై

తెల్లది అక్కా. నీలంలో ఉంటే మూడూ నిజమైపోతాయి, నల్లదాంట్లో ఉంటే మూడూ అబద్ధమైపోతాయి, రెండూ కుదరవు. ఈ గేమ్ ఫోన్లో వస్తుందా?

లెక్కల_మాస్టారి_అమ్మాయి

కరెక్ట్! నాన్నకి చూపించా, ఏ కాలేజీ అని అడుగుతున్నాడు. ఫోన్లో సంగతి తెలీదు, మా ఇంట్లో ఆడేది ల్యాప్‌టాప్‌లోనే.

కొర్లగుంట_కంట్రోలర్ (తిరుపతి)

సరే, పీక్ కొనేశా, డౌన్‌లోడ్ కూడా అయిపోయింది. స్ప్లిట్ ఫిక్షన్ కార్ట్‌లో పెట్టా, మా బావ ఒప్పుకుంటే కొంటా, ఆయన క్రికెట్ గేమ్ తప్ప ముట్టడు. ఎక్స్‌పెడిషన్ 33 ఎవరి దగ్గరైనా పీఎస్5 ఉంటే వాళ్లింటికే వచ్చి చూస్తా, కట్టమంచి అన్నా నీ గురించే. మోకాళ్ళ పర్వతం బ్రో, శనివారం నాకు వీక్లీ ఆఫ్, రాత్రి తొమ్మిదికి రెడీ. బ్యాగు మాత్రం నేను మొయ్యను.